దాలమ్మ విడుపు

తాడు పేనే ఆడమనిషి చేతుల్ని ఎప్పుడైనా చూశారా? ఏం చూశారో చెప్పండి. గాజులు చూశామంటారా? గాజుల కింద మణికట్టు చూడలేదూ? చూసి ఉండరు. అయితే కూర్చుని వినండి.

సముద్రం మన గుడిసెలకు ఇంకా చాలా దూరంలో ఉన్న కాలం. ఆ కాలంలో దాలమ్మ అనే మనిషి ఉండేది. కొబ్బరి పీచు పేని పడవలకు తాళ్లు చేసేది. ఒక కొస ఆమె చేతిలో, రెండో కొస ఆడపడుచు ముత్యాలి చేతిలో. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి పురి తిప్పుతూ వెనక్కి నడిచేవాళ్లు.

వాళ్ల జాలరిపేటలో ఒక కట్టుబాటు. మొదలెట్టిన తాడు పూర్తయ్యేదాకా చెయ్యి వదలకూడదు. వదిలితే ఆ తాడు కట్టిన పడవ తిరిగి రాదట.

దాలమ్మ ఒకసారి వదిలింది. మణికట్టులో పోటు పుట్టి, వేళ్లు తిమ్మిరెక్కి, కొస జారిపోయింది. ఆ తాడు కట్టుకునే వేటకెళ్లిన ఆమె మొగుడు పైడయ్య తిరిగి రాలేదు.

"నీ చెయ్యే వాణ్ణి మింగేసింది" అంది పేట.

ఆనాటి నుంచి దాలమ్మ వదల్లేదు. వేళ్లకు స్పర్శ పోయినా వదల్లేదు. నిద్రలో చెయ్యి మొద్దుబారితే లేచి విదిలించుకునేది. తెల్లారితే మళ్లీ తాడు పట్టేది.

ముత్యాలి ఆముదపాకు వెచ్చజేసి కట్టింది. పొద్దున హాయి, మధ్యాహ్నం పోటు. ఉప్పు మూటతో కాపడం పెట్టింది. పొద్దున హాయి, మధ్యాహ్నం పోటు. కట్లు కట్టే గురవయ్య తాత మణికట్టు వంగకుండా వెదురుబద్ద వేసి కట్టాడు. పొద్దున హాయి, మధ్యాహ్నం పోటు.

"తాతా, నీ కట్టులో పస లేదు" అంది ముత్యాలి.

"కట్టులో పస ఉందే పిల్లా, మీ పేటకే బుద్ధి లేదు. రాత్రంతా నేను కాసిన చేతిని పగలంతా మీరు నలిపేస్తే ఎలా? నడుమ నడుమ విడుపు ఇవ్వాలి."

"విడిస్తే పడవ రాదు తాతా" అంది దాలమ్మ.

మర్నాడు తాడు సగంలో ఉండగా దాలమ్మ ముఖం నల్లబడింది. ముత్యాలి తన కొసను గుంజకు కట్టేసింది. వచ్చి వదిన కొసను లాక్కుని ఇంకో గుంజకు కట్టింది.

"ఏంటే ఈ పని! ఎవరి కొంప ముంచుతావు?"

"నా కొంపే. ఈ తాడు మా ఆయన పడవకే కడతాను. చెయ్యి ఇటివ్వు వదినా."

నువ్వుల నూనె రాసింది. వేళ్లు మెల్లగా వెనక్కి వంచింది. పేటంతా తిట్టింది. పురి మాత్రం విడిపోలేదు.

ఆ తాడు కట్టుకునే ముత్యాలి మొగుడి పడవ వెళ్లింది. ఒక పొద్దు రాలేదు. రెండో పొద్దు రాలేదు. మూడో పొద్దున తెరచాప కనబడింది.

అందరూ కేకలేశారు. దాలమ్మ తన చెయ్యి చూసుకుంది.

"అయితే ఆనాడు నా చెయ్యి ఏ తప్పూ చెయ్యలేదా?"

ఒక్కొక్కరే పడవ లాగడానికి వెళ్లిపోయారు. ఇన్నాళ్లూ వాగినవాళ్లే వాళ్లు!

విడుపు దొరికిన చేతికి నెమ్మదిగా స్పర్శ తిరిగొచ్చింది. పోటు తగ్గింది. కానీ వేళ్లకు పైడయ్య గరుకు గడ్డం గుర్తొచ్చింది. మొద్దుబారినన్నాళ్లూ లేని బాధ అది.

"తిమ్మిరే నయమే ముత్యాలీ" అని నవ్వేది. నవ్వుతూనే అరచెయ్యి సముద్రం వైపు చాచి గాలిని నిమిరేది. పోయేదాకా అలాగే నిమిరింది.

ఇప్పటికీ ఆ తీరంలో తాడు పేనేవాళ్లు పని నడుమ కొసల్ని గుంజలకు కడతారు. "దాలమ్మ విడుపు!" అని కేకేస్తారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టి నిమురుతారు. ఆ తరవాత అరచేతులు కాసేపు గాలికి చాస్తారు. ఆ గాలిలో ఎవరి చెంప తగులుతుందో ఎవరికి వాళ్లకే తెలుసు.

మీ ఇంట్లోనూ ఒక చెయ్యి నొప్పితోనే ఆగకుండా పని చేస్తూ ఉంటుంది. దాన్ని చివరిసారి ఎవరు పట్టుకున్నారు?