బండి డోరు మీద రాసిన జబ్బులు

కడియంలో మొక్కల లోడ్లు తోలే గవర్రాజు మంచి డ్రైవరే గానీ, ఎవరేమడిగినా "బాగానే ఉందండీ" అని తప్ప ఇంకో మాట చెప్పేవాడు కాదు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా అతనికి బాగానే ఉండేది. కూరలో ఉప్పు మరిచిపోయినా బాగానే ఉండేది. "ఈయన నోట్లోంచి నిజం రావాలంటే కింద జాకీ పెట్టి లేపాలి" అని భార్య వరాలు నవ్వేది.

ఇరవై ఏళ్ళు ఎవరెవరివో బండ్లు తోలాక, సొంతానికి ఒక పాత పికప్ ట్రక్కు కొనుక్కోవాలని గవర్రాజుకు ఆశ పుట్టింది. పెరట్లో వరాలు అంటుకట్టి పెంచిన గులాబీ మొక్కలను తమ బండిలోనే అమ్మకానికి తీసుకెళ్ళాలని ఇద్దరూ అనుకున్నారు.

వాళ్ళు చూసిన మొదటి బండి హైవే పక్కన ఒక షెడ్డులో ఉంది. కొత్తగా రంగు వేసి, ముందు నిమ్మకాయల దండ కట్టారు. పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది.

"ఇంజిన్ ఎలా ఉందండీ?" అని వరాలు అడిగింది.

"నిక్షేపంలా ఉందమ్మా! పన్నెండేళ్ళలో ఒక్క రోజు కూడా ఇబ్బంది పెట్టలేదు" అన్నాడు అమ్మేవాడు.

గవర్రాజు మనసు అక్కడే పడిపోయింది. వరాలు మాత్రం "ఇంకోటి కూడా చూద్దాం రండి" అని అతన్ని లాక్కుపోయింది.

రెండో బండి వేమగిరిలో మంగాయమ్మ అనే ఆవిడ ఇంటి ముందు ఉంది. దాని నీలం రంగు ఎప్పుడో వెలిసిపోయింది. మంగాయమ్మ భర్త చనిపోయి ఏడాదైంది. ఆవిడ బేరం మాట ఎత్తకముందే డ్రైవరు వైపు డోరు తెరిచి చూపించింది. లోపలి రేకు మీద తెల్ల రంగుతో గుండ్రటి అక్షరాలు ఉన్నాయి.

"ఈ బండి జబ్బులు. చలి పొద్దున తాళం తిప్పి, ఇంజిన్ హీటర్ లైటు ఆరాకే స్టార్ట్ చేయాలి. తిట్టొద్దు. ఇంజిన్ ఆయిల్ కొంచెం కారుతుంది. రోజూ చూసుకోవాలి. ఘాట్ రోడ్డులో వేడెక్కుతుంది. సగంలో ఆపి అరగంట ఆగాలి. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు. ఈలోపు టీ తాగొచ్చు."

"మా ఆయనే రాశారమ్మా. ఆయన ఊళ్ళో లేనప్పుడు ఎవరు తోలినా బండి కష్టపడకూడదని" అంది మంగాయమ్మ. "ఇంకోటి ఉంది, ఆయన రాయలేదు. రెండో గేరు ఒక్కోసారి గట్టిగా పడుద్ది బాబూ."

బయటికి రాగానే గవర్రాజు మొహం ముడుచుకున్నాడు. "ఇన్ని రోగాలున్న బండిని కొంటామా? అదైతే ఏ జబ్బూ లేదన్నాడు కదే!"

"పన్నెండేళ్ళు తిరిగిన ఇంజిన్‌కి ఏ జబ్బూ లేదంటే నేను నమ్మనండీ. అతనికి తెలియకపోయి ఉండాలి, లేదా మనకి చెప్పకుండా దాచి ఉండాలి. దీని సంగతి మనకి మొత్తం తెలుసు. తెలిసినదాన్ని సాకుకోలేమా?" అంది వరాలు. గవర్రాజు వెనక్కి వెళ్ళి డోరు మీద రాసింది ఇంకోసారి చదివాడు. నీలం బండినే కొన్నారు.

మొదటి లోడు మారేడుమిల్లి ఘాట్ పైన కొత్తగా కడుతున్న ఒక లాడ్జి తోటకి. వెనక రెండు వందల గులాబీ కుండీలు, ముందు సీట్లో వరాలు. డోరు మీద రాసినట్టే పొద్దున హీటర్ లైటు ఆరేదాకా ఆగారు. డోరు మీద రాసినట్టే ఘాట్ సగం ఎక్కాక ఇంజిన్ వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దగ్గరికి వచ్చింది. బండి పక్కకి ఆపి, ఫ్లాస్కులో టీ పంచుకుని తాగారు. "మంగాయమ్మగారి ఆయన మహానుభావుడే, టీ సంగతి కూడా రాశాడు" అని గవర్రాజు నవ్వాడు. ఆ అరగంటా వరాలుకి ఎంతో హాయిగా అనిపించింది.

మళ్ళీ బయలుదేరాక నాలుగో మలుపులో ఎడమ పక్కన ఒక ముసలావిడ కట్టెల మోపుతో నడుస్తోంది. గవర్రాజు వేగం తగ్గించలేదు. పక్కకి తప్పుకోనూ లేదు.

"ఆపండి!" అని వరాలు కేక పెట్టింది.

బండి కీచుమని ఆగింది. ముసలావిడకూ బంపరుకూ మధ్య జానెడు ఎడం మిగిలింది. వెనక కుండీలు దభేలున పడి పగిలాయి. ముసలావిడ వాళ్ళని నాలుగు తిట్లు తిట్టి, మోపు సర్దుకుని వెళ్ళిపోయింది. గవర్రాజు ఇంజిన్ ఆపేశాడు.

"నాకు కనపడలేదు వరాలూ" అన్నాడు. "ఎడమ కన్ను మసకేసి ఆరు నెలలైంది. చెబితే బండి తోలనివ్వరని, మన బండి కల చెదిరిపోద్దని భయపడ్డాను."

వరాలుకి కోపం వచ్చింది, అంతకన్నా ఎక్కువ ఏడుపు వచ్చింది. ఈ ఆరు నెలల్లో "కళ్ళు నలుపుకుంటున్నారేంటి?" అని తాను అడిగిన ప్రతిసారీ అతను చెప్పిన జవాబు ఒక్కటే.

"బండి జబ్బులన్నీ డోరు మీద ఉన్నాయి. ముల్లు లేచేసరికి ఏం చెయ్యాలో మనకి తెలిసింది. మీ జబ్బు ఎక్కడ రాసిపెట్టారండీ, నేను చూసుకోవడానికి?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

గవర్రాజు తల దించుకుని, తాళం తీసి ఆమె చేతిలో పెట్టాడు. లాడ్జివాళ్ళకి ఫోన్ చేస్తే వాళ్ళ డ్రైవరు దిగివచ్చి బండిని పైకి తీసుకెళ్ళాడు. పగిలిన కుండీలు పోగా మిగతా మొక్కలన్నీ క్షేమంగా చేరాయి.

కంటి డాక్టరు చూసి, శుక్లం ముదిరిందని, చిన్న ఆపరేషన్‌తో పోతుందని చెప్పాడు. ఆరు నెలలు దాచినదాన్ని బాగుచేయడానికి అరగంట పట్టింది. కంటికి కట్టుతో బయటికి వచ్చిన భర్తను వరాలు అడిగింది.

"ఎలా ఉందండీ?"

"బాగానే..." అనబోయి గవర్రాజు ఆగాడు. ఆమె చెయ్యి కోసం తడుముకున్నాడు. "మండుతోందే. భయంగా కూడా ఉంది. కాసేపు నా చెయ్యి పట్టుకో."

వరాలు గట్టిగా పట్టుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను అంత పెద్ద జవాబు చెప్పడం ఆమె వినలేదు.

కన్ను నయమై, డాక్టరు సరేనన్నాకే గవర్రాజు మళ్ళీ స్టీరింగ్ పట్టాడు. అంతకుముందు డోరు మీద పాత అక్షరాల కింద తన చేత్తో ఒక వరుస చేర్చాడు: "డ్రైవరుకి ఎడమ కన్ను ఆపరేషన్ అయింది. ఏడాదికోసారి చూపించాలి. తిట్టొచ్చు."

నీతి: లోపం ఉండటం తప్పు కాదు, దాన్ని మనవాళ్ళ దగ్గర దాచడమే తప్పు, చెప్పుకున్న లోపాన్ని అందరూ కలిసి కాచుకుంటారు, దాచుకున్న లోపం అందరినీ ప్రమాదంలో పడేస్తుంది.