సిడిమాను ఎక్కిన కమ్మరి ఈరమ్మ

ఈ కథ అబద్ధమనేవాడు ఎవడైనా ఉంటే ఇప్పుడే లేచి నిలబడాలి. మధ్యలో లేచినవాడి మాట చెల్లదు. దగ్గేవాడు ఇప్పుడే దగ్గేయాలి. నవ్వేవాడు ఇప్పుడే నవ్వేయాలి, తర్వాత నవ్వు రాదు. ఎవరూ లేవలేదు కదా? అయితే వినండి.

అనగనగా అనేవాళ్ళు కూడా ఇంకా పుట్టని కాలంలో గుండ్లదొడ్డి అనే ఊరుండేది. అక్కడి ఎండ అలాంటిలాంటి ఎండ కాదు. కోడి గుడ్డు పెడితే పెట్టినచోటే ఉడికేది. కాకి ఎగరాలంటే ఇంకో కాకి నీడ చూసుకుని ఎగిరేది.

ఆ కాలపు మనుషులు దేవతలకి ఆకలెక్కువ అనుకునేవాళ్ళు. వాన రాకపోతే అమ్మకి ఆకలి. రోగం వస్తే అమ్మకి ఆకలి. దూడ చచ్చినా ఆకలే. ఆ ఆకలికి పెట్టాల్సింది అన్నం కాదు, మనిషి నొప్పి. అందుకే ఏటేటా గాలిమారెమ్మ జాతరలో సిడిమాను ఎత్తేవాళ్ళు.

సిడిమాను అంటే తాటిచెట్టంత గుంజ. దాని తలమీద అడ్డంగా ఒక దూలం, త్రాసు కాడలాగా. దూలం ఒక కొసకి ఇనుప కొండి, అంటే మొనదేలిన కొక్కెం. వంతు వచ్చిన ఇంటి మగవాడి వీపులో ఆ కొండి దించి, రెండో కొసకున్న తాళ్ళు పట్టి కిందికి లాగేవాళ్ళు. మనిషి పైకి లేచేవాడు. గుంజ చుట్టూ తిప్పుతూ, పైనున్నవాణ్ణి పూజారి మూడు ప్రశ్నలు అడిగేవాడు. పైనుంచి వచ్చిన మాట మనిషి మాట కాదు, అమ్మ మాట. అది దాటితే ఊరికి చేటు. మూడు ప్రశ్నలూ అడిగేదాకా దూలం దించకూడదు.

ఏటా కొత్త కొండి చేసేది కమ్మరి ఈరమ్మ. తల నెరిసిన మనిషి, మొగుడు పోయాక కొలిమి ఆమెదే. ఆమె సమ్మెట ఎత్తితే పక్క ఊరి కుక్కలు మొరిగేవి. దించితే మూడు ఊళ్ళ అవతల ఉయ్యాలలో బిడ్డలు ఉలిక్కిపడేవాళ్ళు. ఆమె సాగగొట్టిన నాగలికర్రు రాతినేలను వెన్నలా కోసేది. అంత మనిషి ఒంటిమీద ఉండేది అతుకుల చీర. పనిపడితే తప్ప ఆమె గడపకేసి చూసేవాడు లేడు.

పోయినేడు ఆమె చేసిన కొండికి ఎల్లప్ప అనే రైతు వేలాడాడు. దిగాక వీపు పుండు పడింది. ఈరమ్మ రోజూ వెళ్ళి వేపాకు నీళ్ళతో ఆ పుండు కడిగింది. తన ఇనుము చేసిన పని కళ్ళారా చూసింది. ఎల్లప్ప బతకలేదు. ఈ ఏడు వంతు మళ్ళీ ఆ ఇంటిమీదే పడింది. ఎల్లప్ప తమ్ముడు బోడెన్న. అతని పెళ్ళానికి నెలలు నిండాయి.

జాతర రోజు తెల్లవారింది. కొలిమి మండలేదు. తిత్తి ఊదలేదు. సుత్తి మోగలేదు.

మొదట ఊరిపెద్ద ఓబుళప్ప వచ్చాడు.

"ఏమ్మే ఈరమ్మా, కొలిమి చల్లగుందే?"

"పొగ కండ్లకు పడలేదు పెద్దయ్యా."

"ఇన్నేండ్లు పడిన పొగ ఈ పొద్దే పడలేదా?"

"ఈ పొద్దే పడలేదు."

కొలిమి మండలేదు. తిత్తి ఊదలేదు. సుత్తి మోగలేదు.

తర్వాత పూజారి తిక్కప్ప వచ్చాడు. కళ్ళెర్ర చేశాడు. "అమ్మ ఉగ్రమైతే నీ కొలిమి బూడిదవుతాది, చూసుకో!"

"కొలిమిలో ఉండేది బూడిదే కదా సామీ!"

ఓబుళప్ప పక్క ఊరి కమ్మరిని పిలిపించాడు. అతను పొలిమేర దాకా వచ్చి ఆగిపోయాడు. ఒక కమ్మరి బతికుండగా ఆ ఊళ్ళో ఇంకో కమ్మరి సుత్తి పట్టడు. అది వాళ్ళ కట్టుబాటు. "ఆ అవ్వ చెయ్యమంటే చేస్తా" అని అక్కణ్ణుంచే కేకేశాడు. అవ్వ అనలేదు. వచ్చిన కాళ్ళతోనే వెనక్కి పోయాడు.

మూడోసారి ఊరంతా వచ్చింది. ముందు బోడెన్న. ఒంటినిండా మోకులు.

"చూడు ఈరమ్మా, కొండి లేకపోతే వీని మెడకే మోకు బిగించి ఎత్తుతాం" అన్నాడు ఓబుళప్ప. "కొండికి వేలాడినోడు బతికినా బతుకుతాడు. మెడకు వేలాడినోడు బతకడు. యాది కావాలో నువ్వే చెప్పు."

బోడెన్న అచ్చం అన్నలాగే కింది పెదవి కొరుక్కున్నాడు. ఈరమ్మ అది చూసింది. లేచి కొంగు బిగించింది.

కొలిమి మండింది. తిత్తి ఊదింది. సుత్తి మోగింది.

అలా ఇలా మోగలేదు. గుట్టమీది గుండ్లు దొర్లాయి. ఎద్దులు తాళ్ళు తెంపుకున్నాయి. ఈరమ్మ ఇంట్లో ఉన్న ఇనుమంతా కొలిమిలో వేసింది. విరిగిన కర్రులు వేసింది. అరిగిన గడ్డపారలు వేసింది. చివరికి తన పట్టకారు కూడా వేసి, ఎర్రటి ఇనుమును ఒట్టి చేత్తో తిప్పింది! నమ్మరా? లేవాల్సినవాళ్ళు అప్పుడే లేవాల్సింది, ఇప్పుడు కాదు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కొండి తెచ్చి ఓబుళప్ప కాళ్ళదగ్గర పడేసింది. నేల అదిరింది. అది కోడెదూడ కొమ్మంత లావుంది. మొన ఉండాల్సిన చోట రోకలి తలలా గుండ్రంగా ఉంది.

"ఇదేందే?"

"కొండి."

"ఇది మనిషి వీపులో దిగుతాదా?"

"దిగదు పెద్దయ్యా. దిగగూడదనే చేసినా."

జాతరకి ఒకే కొండి. రెండోది చేయకూడదు. చేసిన కొండికి మనిషిని కట్టకుండా జాతర ముగియకూడదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఓబుళప్ప మొహం కొలిమి కన్నా ఎర్రబడింది.

"అయితే దీనికి వేలాడాల్సింది ఎవరో నాకు తెలుసు! వాని మోకులు విప్పండి. ఈ ముసలిదాన్ని కట్టండి! ఎముకలు విరిగేదాకా తిప్పండి!"

తిక్కప్పకి ఏదో గుర్తొచ్చింది. "ఓబుళప్పా, ఆగు..." అన్నాడు. అప్పటికే డప్పులు మోగాయి. ఆ మాట ఎవరికీ వినబడలేదు.

కాళ్ళకింది నేల జారిపోయింది. ఈరమ్మకి ముందు తెలిసింది భయం. తర్వాత నొప్పి. మోకులు పక్కటెముకల్లోకి దిగాయి. గుడిసెలు పిడకలంత అయ్యాయి, మనుషులు మిరపగింజలంత అయ్యారు. గద్దలు ఆమె కాళ్ళకింద తిరిగాయి. మేఘం ఉంటే తల తగిలేది, ఆ ఏడు మేఘమే లేదు.

డప్పులు ఆగాయి. అందరూ తిక్కప్ప వైపు తిరిగారు. అప్పుడు అర్థమైంది ఓబుళప్పకి. కొండికి కట్టినవాళ్ళ నోట వచ్చేది అమ్మ మాట. ఆ నోరు ఎవరిదో ఏరి ఇచ్చింది తనే!

తిక్కప్ప తల పైకెత్తి అడిగాడు. "వానలెప్పుడు తల్లీ?"

"తెలీదు."

జనం గుసగుసలాడారు. సిడిమాను మీదినుంచి ఆ మాట ఎన్నడూ రాలేదు.

"పోయినేడు ఎల్లప్ప వస్తాయన్నాడు" అంది ఈరమ్మ పైనుంచి. "దించుతారని అన్నాడు. వచ్చినాయా?"

తిక్కప్ప గబగబా రెండోది అడిగాడు.

"ఊరికి రోగాలు తప్పుతాయా తల్లీ?"

"పుండు కడిగేవాళ్ళుంటే తప్పుతాయి. కడగండి."

టప్! మోకులో ఒక పురి తెగింది. ఈరమ్మ ఒక పక్కకి ఒరిగింది. ఆడవాళ్ళు కేకలేశారు.

మిగిలింది ఒకే ప్రశ్న. నీకేం కావాలి తల్లీ అని అడగాలి. ఓబుళప్ప ఉరికొచ్చి తిక్కప్ప నోరు మూశాడు. "అడగొద్దు! దించేయండి!"

"మూడూ అడగందే ఎట్లా దించేది?" అన్నారు తాళ్ళు పట్టినవాళ్ళు.

టప్! రెండో పురి తెగింది. బోడెన్న పరుగెత్తి తాళ్ళు పట్టినవాళ్ళలో చేరాడు. దూలం ఊగకుండా ఒంటి బరువంతా వేసి వేలాడాడు. అరచేతులు చీరుకుపోయాయి. "అడుగు సామీ! అవ్వ పడిపోతాది, అడుగు!"

"అడుగు!" అంది బోడెన్న పెళ్ళాం, కడుపు పట్టుకుని.

"అడుగు!" అంది ఊరంతా.

తిక్కప్ప ఆ చేతిని విదిలించుకున్నాడు. "నీకేం కావాలి తల్లీ?"

గాలి ఆగింది. ఈరమ్మ కిందికి చూసింది. ఆమె ఏదడిగినా ఇవ్వాలి. ఓబుళప్ప ఇల్లు అడగొచ్చు. ఓబుళప్ప కొడుకును అడగొచ్చు. ఓబుళప్ప వీపే అడగొచ్చు. ఆ సంగతి అందరికన్నా బాగా ఓబుళప్పకే తెలుసు. అతని చెయ్యి తనకి తెలియకుండానే వెనక్కి పోయి వీపు తడుముకుంది.

"మనుషులు చాలు" అంది ఈరమ్మ. "ఇంక మనిషి వద్దు. గుమ్మడికాయ కట్టండి. మంచి పెద్దది చూసి కట్టండి. దించినాక కూరొండుకుని అందరూ తినండి."

"అది అమ్మ మాట కాదు! ఆ ముసలిదాని మాట!" అని అరిచాడు ఓబుళప్ప.

తిక్కప్ప నేలచూపులు చూశాడు. "కొండికి కట్టించింది నువ్వే కదా ఓబుళప్పా."

దూలం దించారు. ఆఖరి పురి తెగేలోపు బోడెన్న ఆమెను రెండు చేతులా అందుకున్నాడు.

వాన ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. గుండ్లదొడ్డివాళ్ళు గుమ్మడికాయకి మొక్కారంట అని చుట్టుపక్కల ఊళ్ళు కడుపుబ్బ నవ్వాయి. తమ ఊళ్ళలో మనుషుల్నే ఎత్తాయి. వాళ్ళకీ వాన రాలేదు. ఆశ వదులుకుని ఎవరి పనుల్లో వాళ్ళుండగా, ఎవరూ పిలవని పూట, అన్ని ఊళ్ళమీదా ఒక్కలాగే కురిసింది. ఏం వాన! చేపలు చింతచెట్లెక్కాయి. నవ్విన ఊళ్ళు ఆలోచనలో పడ్డాయి. మరుసటి జాతరకి ఒక ఊరు గుమ్మడికాయ కట్టింది. ఆపై ఏడు ఇంకో ఊరు కట్టింది. ఆ తర్వాత సిడిమానుకి మనిషిని కట్టారంటే పిల్లలు కూడా నమ్మడం మానేశారు.

ఈరమ్మ ముసలితనంతో, తన కొలిమి పక్కనే, వెచ్చగా పోయింది. గుడి కట్టలేదు, బొమ్మ చెక్కలేదు. కానీ గుండ్లదొడ్డి జాతరలో ఇప్పటికీ గుమ్మడికాయను ఎర్రబట్టలో చుట్టి పైకెత్తుతారు. "వానలెప్పుడు తల్లీ?" అని పూజారి అడుగుతాడు. ఊరంతా ఒక్క గొంతుతో "తెలీదు!" అంటుంది. కూర వండాక మొదటి విస్తరి కొలిమి ముందు పెడతారు. ఆ రోజు ఎవరి ఇంట్లో ఎవరికి పుండున్నా, ముందు దాన్ని కడిగి, ఆ తర్వాతే అన్నానికి కూర్చుంటారు.

ఇంకా అనుమానమా? అయితే గుండ్లదొడ్డికి పోయి, ఏటేటా ఆ గుమ్మడికాయను తన చేలో పండించి, తన నెత్తిన మోసుకొచ్చి, తన చేత్తోనే కొండికి కట్టే ఆమెను అడగండి. మసీదుకు పోయే ఇంటి ఆడబిడ్డ, పేరు దూదేకుల సాలమ్మ.