నాంచారమ్మ దాచిన బెండ విత్తనాలు

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యానికి రాజున్నాడు, రాణి ఉంది, కోట ఉంది, అవన్నీ ఉన్నాయిలే. మన కథ మాత్రం కోట వెనక వీధిలో, నాంచారమ్మ పెరట్లో కాసిన బెండకాయలది.

ఏం బెండకాయలనుకున్నారు! జానెడు పొడుగైనా ముదరవు. కొస వంచితే టప్పున విరుగుతాయి. ఆ విత్తనాలు నాంచారమ్మను కాపురానికి పంపుతూ తల్లి కొంగున ముడేసి ఇచ్చింది. ఆ తల్లి ఇప్పుడు లేదు. ఆ బెండకాయ పులుసు నోట పెట్టుకుంటే చాలు, అమ్మ వండి పెట్టినట్టే ఉండేది నాంచారమ్మకి.

అందుకే ఏటా ఒక మంచి కాయకి గుడ్డపీలిక కట్టి, ఎవరూ కోయకుండా విత్తనానికి వదిలేసేది. అది చెట్టునే ఎండాక గింజలు తీసి, బూడిద కలిపి, సొరబుర్రలో పోసి, పొయ్యి పైన ఉట్టిలో పెట్టేది. పొగ తగిలితే పురుగు పట్టదు కదా!

ఒకనాడు నాంచారమ్మ కోటకి పంపిన ఆ బెండకాయల కూర రాణిగారు తిని, "ఇలాంటివి మన రాజ్యంలో ఇంకెక్కడా లేవు" అంది. ఆ మాట కాస్తా నాంచారమ్మ నెత్తికెక్కి కూర్చుంది. 'ఇంకెక్కడా ఉండకూడదు కూడా' అనుకుంది.

పక్కింటి పిచ్చమ్మ వచ్చి, "అక్కా, నాలుగు గింజలు పెట్టవూ" అంది. ఆడపడుచు వచ్చి, "వదినా, మా పెరట్లోనూ వేసుకుంటాం" అంది. వీధి చివరి వెంగమ్మవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చి, "అమ్మాయ్, నాక్కూడా రెండు" అంది.

లేదనడానికి నోరు రాలేదు, ఇవ్వడానికి మనసు రాలేదు. ఏం చేసిందో తెలుసా? గింజల్ని మరిగే నీళ్ళలో ముంచి తీసి, నీడన ఆరబెట్టి, నవ్వుతూ ముగ్గురి చేతుల్లోనూ పోసింది. ఛీ, చెప్పడానికి నాకే సిగ్గేస్తోంది!

ఆపైన ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని బెంగ. ఉట్టిలోని సొరబుర్ర దించి, కొట్టుగదిలో గొయ్యి తీసి పాతిపెట్టింది. ఆ ఏడు వానలు దంచికొట్టాయి. మళ్ళీ విత్తే వేళకి తవ్వి చూస్తే ఏముంది? గింజలన్నీ బూజుపట్టి ముద్దయిపోయాయి.

"అమ్మా, నీ విత్తనం పోగొట్టానే!" అని అక్కడే కూలబడి ఏడ్చింది నాంచారమ్మ.

తానిచ్చినవి మొలవవని తెలుసు. అయినా ప్రాణం ఊరుకోలేదు. ఒక్క గింజైనా వేడి తప్పించుకుని ఉండదా అని ఆ ముగ్గురి దగ్గరికీ పరుగెత్తింది.

"ఒక్కటీ మొలవలేదక్కా, మా నేల చవుడు కాబోలు" అంది పిచ్చమ్మ.

"మా ఊరి నీళ్ళు పడలేదేమో వదినా" అంది ఆడపడుచు.

వెంగమ్మవ్వ తన చేతులు చూపించింది. "నీ విత్తనానికి వంకేముందమ్మా! నా చేయే మంచిది కాదు. అప్పట్నుంచీ నేనిక విత్తనం ముట్టలేదు. మనవరాలు బీరపాదు పెట్టమన్నా పెట్టలేదు."

పెరడు చూస్తే నిజంగానే బోసిగా ఉంది. నాంచారమ్మ తట్టుకోలేకపోయింది. అవ్వ కాళ్ళ దగ్గర కూర్చుని, చేసిందంతా చెప్పేసింది.

అవ్వ తన అరచేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"లేదు పొమ్మంటే ఒక పూట బాధపడి ఊరుకునేదాన్నే. ఇన్నాళ్ళూ నా చేతిని నేనే తిట్టుకునేలా చేశావు కదే" అంది.

నాంచారమ్మ ఆ రోజే అవ్వ పెరడు తవ్వి, దగ్గరుండి అవ్వ చేతే బీర గింజలు పెట్టించింది. పాదు బ్రహ్మాండంగా పాకింది. తల్లి ఇచ్చిన బెండ మాత్రం ఆ రాజ్యంలో మళ్ళీ ఎవరికీ దొరకలేదు. దాని రుచి నాంచారమ్మకి ఎప్పుడు గుర్తొచ్చినా కళ్ళనీళ్ళు తిరిగేవి.

కాబట్టి పిల్లలూ, మంచి విత్తనాన్ని నలుగురికీ పంచండి, మనింట్లో పోయినా పక్కింట్లో బతుకుతుంది. ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదనండి, అంతేగానీ ఇచ్చినట్టు నటించి ఎదుటివాళ్ళకి తమ మీద ఉన్న నమ్మకాన్ని చంపకండి.