ఎరకమ్మ తట్టిన తలుపులు

అనగనగా, ఏనాటి మాటో చెప్పినవాళ్లకీ తెలీదు, విన్నవాళ్లకీ తెలీదు. సముద్రం పక్కన సర్కారువారి పిచ్చాసుపత్రి ఒకటుండేది. అందులో ఎరకమ్మ అని ఒక రోగి. ఉప్పుమళ్లలో పనిచేసిన మనిషి. ఆమెకి కాలు నిలవదు. పొద్దున లేస్తే నడకే.

అక్కడ వరసగా పన్నెండు గదులు, అన్నిటికీ తాళాలు, లోపల రోగులు. ఎరకమ్మ ప్రతి తలుపూ అరచేత్తో తట్టేది, చెవి ఆనించేది, లోపలివాళ్లు పలికాక ముందుకి నడిచేది. తట్టేది, వినేది, నడిచేది.

మొదటి పెద్దడాక్టరు వచ్చాడు. "ఏమిటా చప్పుడు? కట్టెయ్యండి" అన్నాడు. స్తంభానికి కట్టేశారు. కట్టు విప్పగానే మళ్లీ నడిచింది.

రెండో పెద్దడాక్టరు వచ్చాడు. "గదిలో పెట్టి తాళం వెయ్యండి" అన్నాడు. గదిలోనే గోడ గోడా చుట్టింది. ఆయన బదిలీ అయిపోయాక బయటికొచ్చి మళ్లీ నడిచింది.

మూడో ఆయన జోగారావు. మంచివాడే, కానీ కుర్చీ వదలడు. ఒకరోజు ఎరకమ్మ ఆయన గుమ్మంలోకొచ్చింది.

"బాబూ, ఏడో తలుపు పలకట్లేదు. సిమ్మాద్రి పలకట్లేదు."

"కాపలావాళ్లు చూస్తారులేమ్మా."

"ఆళ్లు తలుపు కింద కంచం తోసేస్తారు. మనిసిని సూడరు."

"ముందు ఈ సంతకాలు అవనీ."

వెళ్లింది. తిరిగొచ్చింది. "బాబూ, ఏడో తలుపు పలకట్లేదు."

"చెప్పాను కదా, సంతకాలు అవనీ."

మూడోసారి వచ్చింది. గుమ్మంలో కూర్చుంది. ఆ మనిషి పగటిపూట కూర్చోగా చూసినవాళ్లు లేరు. కాళ్లు గడగడ వణుకుతున్నాయి. రెండు చేతులతో మోకాళ్లు అదిమిపట్టుకుంది.

"నువ్వు లెగిసేదాకా నాను లెగను బాబూ."

ఆ కాళ్లు చూసి జోగారావు కలం పడేసి లేచాడు.

ఏడో తలుపు తీయించాడు. మూడు కంచాలు, మూడూ ముట్టనివి. వాటి పక్కన సిమ్మాద్రి, ఒళ్లు కాలిపోతూ, ఊపిరి ఉందో లేదో. డాక్టరే అతని తల ఒళ్లో పెట్టుకుని చెంచాతో నీళ్లు పోశాడు. సిమ్మాద్రి బతికాడు.

మర్నాటి నుంచి డాక్టరు ఎరకమ్మ వెనకే నడిచాడు. ఆయనా తట్టాడు, విన్నాడు, నడిచాడు. తలుపులకి కిటికీలు కోయించాడు. సగం తాళాలు తీయించాడు. మిగతా సగం తీయించలేదని ఆయన మనసు ఎప్పుడూ కుదుటపడలేదంట.

ఒక వానాకాలం ఎరకమ్మ జ్వరంతో పోయింది. ఆ పొద్దున తలుపులు తట్టే మనిషి లేదు. పొద్దెక్కాక లోపలివాళ్లే తట్టడం మొదలుపెట్టారు. ముందు ఏడో తలుపు, ఆపైన అన్నీ.

ఇప్పటికీ అక్కడికి ఏ పెద్దడాక్టరు వచ్చినా, తలుపు తలుపునా అరచెయ్యి వేసి, లోపలి పలుకు విన్నాకే కుర్చీలో కూర్చుంటాడు. తొందరలో మరిచి కూర్చున్నాడా, లోపలినుంచి తలుపులు మోగుతాయి.

"లెగండి బాబూ, ఎరకమ్మ పిలుస్తోంది" అంటారు కాపలావాళ్లు.