రెండు మందలు, ఒకే దడి

నెల్లూరు దగ్గర ఒక చిన్న ఊళ్లో పెంచలయ్య అనే బాతులవాడు ఉండేవాడు; మనిషి మంచివాడే గానీ, ఒకచోట కాలు నిలవని తొందరపాటు మనిషి. వరికోతలు ఎక్కడైతే అక్కడికి మందను తోలుకుపోవడం అతని వృత్తి. కోసిన మళ్లలో రాలిన గింజలూ నత్తలూ తిని బాతులు గుడ్లు పెట్టేవి. ఆ గుడ్లే వాళ్ల బతుకు. భార్య అంకమ్మ, ఎనిమిదేళ్ల కూతురు లచ్చి, ఆరువందల బాతులు, నాలుగు గిన్నెలు, ఒక గుడారం. అదీ సంసారం. ఏడాది మొత్తం మీద ఇంటి తాళం తీసేది ఏ పదిరోజులో.

ఆ ఏడు కర్నూలు కాలువల కింద నాలుగు నెలలు తిరిగి, కృష్ణా ఆయకట్టుకు పోయేముందు సోమవారం నాడు ఇల్లు చేరారు. అంకమ్మ బూజు దులిపి ఇల్లు అలికింది. లచ్చి పక్కింటి పిల్లలతో తొక్కుడుబిళ్ల ఆడుతూ అన్నానికి కూడా లోపలికి రాలేదు. మంగళవారం సాయంత్రానికే పెంచలయ్య లారీ మాట్లాడుకొచ్చాడు.

"గురువారం పశువుల డాక్టరు వస్తాడు గదా. బాతులకు టీకా వేయించి, ఒక వారం ఉండి పోదాం. పోయినేడు వేసినదాని బలం అయిపోయుంటుంది," అంది అంకమ్మ.

"నువ్వు ఉండమంటావు, కోతలు ఉంటాయా? మనకన్నా ముందు ఇంకో మంద దిగితే మనకు మిగిలేది బురదే. ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు."

"పెద్దలు చాలా అన్నారు. నీకు పనికొచ్చేదే నీ చెవికెక్కుతుంది."

పెంచలయ్య నవ్వేశాడు. ఆ నవ్వే కొంప ముంచింది. అలికిన నేల సరిగా ఆరకముందే ఇంటికి మళ్లీ తాళం పడింది. లచ్చి లారీ ఎక్కనని గుంజను వాటేసుకుని ఏడిస్తే, ఎత్తి లోపల కూర్చోబెట్టాడు.

కాలువ గట్టున దిగేసరికి అక్కడ ముందే ఒక మంద ఉంది. తీరా చూస్తే అది అతని చెల్లెలు వెంగమ్మది, ఆమె మొగుడు చెంచయ్యది. వెంగమ్మ అన్నను చూసి పొంగిపోయింది. వెంటనే పొయ్యి మీద చేపల పులుసు పెట్టింది.

బాతులవాళ్లలో ఒక పద్ధతి ఉంది. చుట్టాల మందలు ఒకేచోట దిగితే రెక్కలకు చెరో రంగు పూసి, అన్నింటినీ ఒకే వలదడిలో కడతారు. నక్కల కాపలా వంతుల మీద తేలికవుతుంది. కానీ దడి కలిపేముందు ఒక మాట అడిగి తీరాలి. ఎంత దగ్గరి చుట్టమైనా సరే.

"ఏమీ అనుకోకు బావా, అడగాలి గనక అడుగుతున్నా," అన్నాడు చెంచయ్య. "టీకా పడిందా? మాది పిల్లమంద. వీటికి ఇంకా వేయించలేదు."

పడలేదని చెబితే రెండు మైళ్లు దిగువకు పోయి ఒంటరిగా కట్టుకోవాలి. అంతకన్నా, చెల్లెలి ముందు చిన్నబోవాలి. అంకమ్మ మొగుడి వంక చూసింది.

"పడింది," అన్నాడు పెంచలయ్య.

అంకమ్మ ఏదో అనబోయి, నలుగురిలో మొగుడి మాట తీసేయలేక ఊరుకుంది. ఆ పూట పులుసు ఆమెకు సయించలేదు.

ఐదోరోజు పొద్దున పెంచలయ్య మందలో ఒక బాతు లేవలేదు. కళ్లు కారుతున్నాయి, రెక్కలు నేలకు వాలాయి. "ఏమైంది బావా?" అని చెంచయ్య అడిగితే "ఎండదెబ్బ" అన్నాడు. అప్పుడైనా నోరు తెరిచి ఉంటే చెంచయ్య తన మందను విడదీసుకునేవాడు, సగమైనా దక్కేవి. కానీ మొదటి అబద్ధం రెండోదాన్ని వెంటబెట్టుకునే వస్తుంది.

పది రోజుల్లో దడి ఖాళీ అయింది. ఎర్రరంగువీ నీలంరంగువీ ఒకే గోతిలో పూడ్చారు. కాలువ గట్టున బాతుల అరుపు లేదు. పెంచలయ్య చెల్లెలి కాళ్ల దగ్గర కూలబడి, టీకా వేయించలేదని అప్పుడు చెప్పాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

చెంచయ్య తిట్టలేదు. వల చుట్టుకుంటూ, "లేదని చెప్పుంటే నిన్ను పొమ్మనేవాణ్ణి కాదు బావా. నేనే అవతలి గట్టున కట్టుకునేవాణ్ణి," అన్నాడు.

వెంగమ్మ మాత్రం అన్న ముఖంలోకి చూసి అడిగింది. "బాతులు పోతే పోయాయి అన్నా. ఎలా పోయాయని రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్పమంటావు? మా అన్న మాట నమ్మాననా?"

ఆ ఏడు రెండు కుటుంబాలూ కూలికి పోయాయి. మరుసటి ఏడు పెంచలయ్య అప్పోసప్పో చేసి కొత్త మంద కొన్నాడు, డాక్టరు ముందు నిలబడి టీకా వేయించాడు. ఏ గట్టున దిగినా, జరిగింది అప్పటికే విన్న తోటి బాతులవాళ్లు ఆ మాట అడిగేవారు. పడిందని అతను నిజమే చెప్పేవాడు. వాళ్లు విని, తల ఊపి, తమ మందను దూరంగా తోలుకుపోయేవారు.

తొందరపాటు మన ఇంటినే ముంచుతుంది, దాన్ని కప్పిపుచ్చే అబద్ధం మనల్ని నమ్మినవాళ్ల ఇంటినీ ముంచుతుంది; పోయిన మందను మళ్లీ కొనుక్కోవచ్చు గానీ, పోయిన నమ్మకాన్ని కొనుక్కోలేం.