బంతి చివర కూర్చున్న కుక్క

అనగనగా గవ్వలకోట అని ఒక ఊరు ఉండేది. ఆ ఊరికొక రాజు ఉండేవాడు. ఆ రాజుకు చెప్పలేనంత తొందర ఉండేది.

ఒకనాడు ఆ ఊళ్లో పిచ్చికుక్క ఇద్దరిని కరిచింది. రాజు అప్పటికప్పుడు టముకు వేయించాడు: "ఎవరిదీ కాని కుక్క ఏదైనా సరే, రేపు పొద్దుగూకాక ఊళ్లో ప్రాణాలతో ఉండకూడదు!"

మర్నాడు తెల్లవారగానే ఊరి చివర సున్నపు బట్టీ దగ్గరికి ఒక ఎర్రకుక్క వచ్చి పడుకుంది. ఆ బట్టీ నూకాలుది. మొగుడు పోయాక గుల్లలు కాల్చి ఊరందరి గోడలకూ సున్నం అందిస్తున్న మనిషి. ఒకప్పుడు కరువులో నడిచి నడిచి ఇక్కడికి చేరితే, "ఎవతెవో, పో!" అని ఇదే ఊరు తలుపు మూసింది. ఆ మాట ఆమె గుండెలో ఇంకా మండుతూనే ఉంది.

నూకాలు కుక్క దగ్గరికి పోలేదు. తెలియని కుక్క మీద చెయ్యి వేసేంత వెర్రిది కాదు. దూరంనుంచే తేరిపార చూసింది. మెడ చుట్టూ వెంట్రుకలు అరిగిపోయి ఉన్నాయి.

"తాడు కట్టిన మెడ ఇది. దీనికో ఇల్లుంది," అనుకుంది.

మూకుడులో నీళ్లు పోసి పొడుగాటి కర్రతో ముందుకు నెట్టింది. కుక్క నీళ్లను చూసింది, నూకాలు మొహం చూసింది. ముట్టలేదు. అంబలి పెట్టింది. ముట్టలేదు. కాల్చిన చేపతల వేసింది. చొంగ ధారగా కారింది గాని, మూతి మాత్రం వంగలేదు.

సరిగ్గా అప్పుడే తలారి భద్రయ్య దుడ్డుకర్ర పట్టుకుని వచ్చాడు.

"నీళ్లు ముట్టదు. చొంగ కారుస్తోంది. ఇంకేం చూడాలే నూకాలూ? పక్కకు జరుగు!"

"రాజుగారు పొద్దుగూకేదాకా అన్నారా లేదా? నీ ఒక్కడికే అప్పుడే పొద్దు గూకిందా అన్నా?"

భద్రయ్యకు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. "సరే, నీ తిప్పలు నువ్వు పడు. నేనిక్కడే కూర్చుంటా. మీదకొచ్చిందా, కర్ర ఆగదు."

నూకాలు పరుగెత్తింది. తోటవాళ్లను అడిగింది. "మాది కాదు," అన్నారు. సంతవీధిలో అడిగింది. "చంపేస్తే పీడా పోతుంది," అన్నారు. బండ్లవాళ్లను అడిగింది. వాళ్లు తలెత్తి చూడనైనా లేదు. పిల్లలూ, తెలియకపోవడం తప్పు కాదు. తెలుసుకోకుండానే చంపెయ్యమనడం ఉంది చూశారూ, అది సిగ్గులేనితనం!

ఆ రోజే బట్టీ ముట్టించాలి. ముట్టించే ముందు కూలీలందరికీ విస్తళ్లు వేసి అన్నం పెట్టడం ఆ పనివాళ్ల ఆచారం. మనసు కుదురుగా లేకపోయినా నూకాలు వడ్డించింది. కూలీలు వరసగా కూర్చున్నారు.

కుక్క లేచింది. భద్రయ్య కర్ర ఎత్తాడు.

అది ఎవరి జోలికీ పోలేదు. వరస చివరికి నడిచి, ఒక మనిషి పట్టేంత చోటు వదిలి, బుద్ధిగా కూర్చుంది. కూలీల చేతులు ఒళ్లో ఉన్నాయి. కళ్లు నూకాలు మీద ఉన్నాయి. కుక్క కళ్లు కూడా ఆమె మీదే ఉన్నాయి.

నూకాలుకు చటుక్కున ఏదో తట్టింది. నీళ్ల మూకుడూ, అంబలీ కర్రతో కుక్క ముందుకు తోసింది. అందరివైపూ తిరిగి, వడ్డించినవాళ్లు ఏ విందులోనైనా అనే మాటే గట్టిగా అంది:

"కానివ్వండి!"

కుక్క మూకుడులో మూతి పెట్టి గటగటా తాగేసింది, అంబలంతా నాకేసింది.

"మా అల్లుడికి లేదమ్మా ఇంత మర్యాద!" అన్నాడొక ముసలి కూలీ. బంతి బంతంతా పగలబడి నవ్వింది.

భద్రయ్య కర్ర దించాడు. "పిచ్చిది కాదు, ఒప్పుకున్నా. కాని ఎవరిదో తేలలేదుగా? పొద్దు వాలుతోంది."

"కానివ్వండి అనేదాకా ముద్ద ముట్టకూడదని దీనికెలా తెలుసు? రోజూ బంతిభోజనాలు సాగే చోట పెరిగిందన్నా ఇది. ఏటి అవతల అన్నసత్రం ఉంది కదా. పద, పద!"

కడుపు నిండిన కుక్క తోక ఆడించింది. నూకాలు మెల్లగా మెడకు వదులు తాడు వేసింది. గబగబా ఏరు దాటారు. సత్రం నడిపే పెద్దావిడ పేరిందేవి గుమ్మంలోనే నిలబడి ఉంది.

"బంతీ! ఓరి నా బంతీ!"

ఆ కేక వినగానే కుక్క తాడు గుంజుకుని వెళ్లి ఆమె కాళ్ల మీద పడింది.

"బంతి చివర కూర్చుంటుందని ఆ పేరే పెట్టుకున్నానమ్మా. యాత్రికుల బండి వెంట పోయింది. మూడు రోజులుగా దీని విస్తరి వేయించడం, అలాగే తీయించడం," అంటూ పేరిందేవి కళ్లొత్తుకుంది.

"పొద్దున్నే కొట్టేసేవాణ్ణి తల్లీ," అన్నాడు భద్రయ్య తల దించుకుని.

నూకాలు అరుగు మీద చతికిలబడి నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది.

భద్రయ్య జరిగిందంతా రాజుకు చెప్పాడు. రాజు సిగ్గుపడి మళ్లీ టముకు వేయించాడు: "దారితప్పిన కుక్క కనబడితే దూరంనుంచే నీళ్లు పెట్టండి. మెడ చూడండి. మన ఊళ్లోనూ, పొరుగూళ్లోనూ అడగండి. జబ్బని అనుమానముంటే వైద్యుణ్ణి పిలవండి. తేలేదాకా ఎవరూ కర్ర ఎత్తకూడదు."

కాబట్టి పిల్లలూ, దారితప్పిన ప్రాణి ఎదురైతే రాయి కోసం వెతక్కండి, దాని ఇల్లెక్కడో వెతకండి.