జగన్నాయకులు మాస్టారు అడగని మాట

కాలు బెణికి పరుగు మానేసినవాళ్ళు మళ్ళీ గ్రౌండుకు వస్తే, జగన్నాయకులు మాస్టారు వాళ్ళను నొప్పి ఉందా అని అడగరు. గ్రౌండు పక్కన జనం కూర్చునే సిమెంటు మెట్లున్నాయి. పై మెట్టుదాకా ఎక్కించి దిగమంటారు. తాను మాత్రం కింది మెట్టు మీద, దిగేవాళ్ళకు వీపు పెట్టి కూర్చుంటారు. రెండు పాదాల చప్పుడూ ఒక్కలాగే వినబడితే "రేపు నాలుగు చుట్లు" అంటారు. తేడాగా వినబడితే "రేపు చూద్దాం" అంటారు. అంతకు మించి పరీక్ష లేదు. పొట్ట తగ్గించుకుందామని చేరిన నాలాంటి బ్యాంకు గుమాస్తాకు కూడా ఇదే నియమం. నేను దిగేటప్పుడు మాత్రం ఆయన భుజాలు కదిలేవి. నవ్వాపుకుంటున్నారని నాకు తెలుసు.

రూపవతికి ఈ పద్ధతి మింగుడుపడలేదు. ఆమెది పదివేల మీటర్ల పరుగు, అంటే మా గ్రౌండు చుట్టూ పాతిక చుట్లు. వానాకాలంలో గట్టు దిగుతుంటే చీలమండ మడతపడి ఏడు వారాలు పరుగుకు దూరమైంది. రాష్ట్ర జట్టు ఎంపికకు ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి. ఇంట్లోవాళ్ళు ఆమెకు ఇచ్చిన గడువు ఈ ఒక్క ఏడాదే. వరుసగా తొమ్మిది రోజులు "రేపు చూద్దాం" విన్నాక, పదో రోజు పొద్దున ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"అందరి కోచ్‌లూ పొద్దున లేస్తే నొప్పి ఉందా అని అడుగుతారు. మీరు నన్ను ఒక్కసారైనా అడగలేదేం సార్?"

ఆ గొంతులో ఏడుపు కంటే కోపమే ఎక్కువ. అడిగితే చెప్పడానికి జవాబు ఆమె దగ్గర సిద్ధంగా ఉందని, పక్కన బూట్ల లేసులు కట్టుకుంటున్న నాకే అర్థమైంది. మాస్టారికి అర్థం కాకుండా ఉంటుందా? ఆయన వాదన పెట్టుకోలేదు. కూర్చోమని, తవిటయ్య సంగతి చెప్పడం మొదలుపెట్టారు.

పద్నాలుగేళ్ళ కిందటి మాట. తవిటయ్య జూట్ మిల్లులో పనిచేసేవాడు, షిఫ్టు దిగి నేరుగా గ్రౌండుకొచ్చేవాడు. వాడిదీ పదివేల మీటర్లే. వాడికీ ఎంపికకు ముందే చీలమండ బెణికింది. అప్పటికి మాస్టారు పద్దెనిమిదేళ్ళుగా పరుగు నేర్పుతున్నారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఒక్కరూ రాష్ట్ర జట్టులోకి వెళ్ళలేదు. తోటి కోచ్‌లు నలుగురిలో ఆ మాట ఎత్తి ఆయన్ను ఆటపట్టించేవారట. తవిటయ్య వెళ్తే వాళ్ళ నోళ్ళు మూతపడతాయని ఆయన ఆశ.

మెట్ల పద్ధతి అప్పుడు లేదు, నోటితోనే అడిగేవారు. మొదటి రోజు అడిగితే తవిటయ్య నొప్పి ఉందన్నాడు. మాస్టారు ఏమీ అనకుండా మిగతావాళ్ళ వైపు వెళ్ళిపోయారు. రెండో రోజూ ఉందన్నాడు. ఎంపిక తేదీ గుర్తుచేశారు. మూడో రోజు కొంచెం ఉందన్నాడు. కొంచెమేగా అన్నారు. నాలుగో రోజు లేదన్నాడు. ఆ పూట మాస్టారు వాడి భుజం మీద చెయ్యేసి గేటుదాకా తీసుకెళ్ళి టీ తాగించారు. ఆ తర్వాత ఎంపిక దాకా ప్రతి పొద్దునా అడిగారు, ప్రతి పొద్దునా వాడు లేదనే అన్నాడు. ఇదంతా ఆయన హాజరుపట్టీ చదివినట్టు చెప్పుకుపోయారు. నిజం చెప్పొద్దూ, వింటున్న నాకు అందులో ఆయన తప్పేమీ కనబడలేదు.

ఎంపిక రోజున పదహారు చుట్ల దాకా తవిటయ్యే అందరికంటే ముందు. పదిహేడో చుట్టు చివర మలుపులో పడ్డాడు. పడి, లేచాడు. గీత పక్కన నిలబడి ఉన్న మాస్టారు, ఇంకా ఎనిమిదేరా అని అరిచారు. వాడు మరో రెండు చుట్లు లాగాడు. లాగాడనే అన్నారు మాస్టారు, పరిగెత్తాడని అనలేదు. మూడో చుట్టుకు ఆ కాలు నేల మీద ఆనలేదు.

చీలమండ ఎముకలను పట్టి ఉంచే లిగమెంటు లోపల పూర్తిగా తెగిపోయిందని ఆస్పత్రిలో డాక్టరు చెప్పాడు. అది వారాల కిందటే సగం చిరిగి ఉందట. అప్పుడే విశ్రాంతి ఇచ్చి ఉంటే మానేదట. ఇక ఆ కాలు నడకకు సరిపోతుంది గానీ పరుగుకు పనికిరాదన్నాడు. ఆ మాటలు విన్న తవిటయ్య తల్లి మాస్టారి దగ్గరికి వచ్చింది.

"నొప్పెడతందా అని మీరు అడగలేదేటి బాబూ?"

రోజూ అడిగాననీ, లేదన్నాడనీ మాస్టారు చెప్పారు. అందులో అబద్ధం లేదు. ఆ తల్లి ఆయనకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. అంత పెద్దాయన పనిగట్టుకుని రోజూ అడుగుతుంటే నిజం చెప్పడానికి నీకేం రోగమని కొడుకును తిట్టిపోసింది. తవిటయ్య ఒక్కసారి మాస్టారి ముఖంలోకి చూశాడు. ఆ తర్వాత తల వంచుకుని తల్లి తిట్లన్నీ తిన్నాడు, ఒక్క మాట అనలేదు. మాస్టారూ అనలేదు. ఆ దండం తీసుకుని ఇంటికి వచ్చేశారు. తవిటయ్య ఇప్పుడు అదే మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్. మాస్టారు అటువైపు వెళ్తే ఇప్పటికీ కుర్చీలోంచి లేచి నిలబడతాడట. అందుకని ఆయన ఆ రోడ్డున వెళ్ళడం మానేశారు.

మాస్టారు ఇంతవరకూ చెప్పేసరికి రూపవతి కోపం దిగిపోయింది. ఆయన మీద జాలి కూడా కలిగినట్టుంది.

"ఇందులో మీ తప్పేముంది సార్? మీరు అడిగారు కదా," అంది.

"అడిగానమ్మా," అన్నారు మాస్టారు. "లేదనే దాకా అడిగాను."